గడప తొక్కినోళ్ల లెక్క ఎవరి చేతుల్లో?

పాలకులకు ప్రజల గోడు వినడం కన్నా ప్రజల లెక్క రాసుకోవడమంటేనే మక్కువ ఎక్కువ. బందరులోనైనా, గుడివాడలోనైనా, దివిసీమలోని అవనిగడ్డలోనైనా పొద్దున్నే ఎమ్మెల్యే గారి ఇంటి ముందు కనిపించే దృశ్యం ఒక్కటే. చేతిలో అర్జీ, జేబులో ఆధార్ జిరాక్సు, మొహంలో ఆశ. పింఛను ఆగిన ముసలమ్మ ఉంటుంది. కాలువ నీళ్లు చివరి చేనుకు అందని రైతు ఉంటాడు. కొడుక్కి ఉద్యోగం కోసం వచ్చిన తండ్రి ఉంటాడు. వీళ్లంతా లోపలికి పోయే ముందు వాకిట్లో ఒక కుర్రాడు ఆపుతాడు. పేరేంటి, ఊరేంటి, ఫోన్ నంబరెంత, ఏ పని మీద వచ్చావు అని అడుగుతాడు. ఒకప్పుడు అతని చేతిలో నోటుబుక్కు ఉండేది. ఇప్పుడు ట్యాబ్ ఉంది. అంతే తేడా అనుకుంటున్నాం మనం. కానీ అదే అసలు తేడా.

నోటుబుక్కు నిండితే అటక ఎక్కేది. ట్యాబ్ నిండదు. దాంట్లో పడ్డ పేరు చెరగదు. ముసలమ్మ పింఛను వచ్చినా రాకున్నా, ఆమె మనవడి ఫోన్ నంబరు మాత్రం పార్టీ ఖాతాలో జమ అవుతుంది. పండక్కి నాయకుడి గొంతుతో ఫోన్ వస్తుంది. ఎన్నికలప్పుడు 'మీ మద్దతు ఎవరికి? మాకైతే ఒకటి నొక్కండి' అని ఇంకో ఫోన్ వస్తుంది. నొక్కిన అంకె కూడా ఆ పేరు పక్కనే పోయి కూర్చుంటుంది. అర్జీ పెట్టుకున్న మనిషి కాస్తా లెక్కలో మనిషయ్యాడు. మావాడా, కాదా, ఊగిసలాడేవాడా అని మూడు గళ్లలో ఏదో ఒకదాంట్లో పడ్డాడు. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పరు. అడిగే దారి కూడా లేదు.

కృష్ణా డెల్టా సంగతి మనకెందుకు అని పాఠకులు అడగవచ్చు. రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటింది, వాళ్ల ఇల్లు వాళ్లది, మన ఇల్లు మనది అనవచ్చు. నిజమే. కానీ 2019 మార్చిలో తేలిందేమిటి? బందరు, గుడివాడ, దివిసీమతో సహా ఆంధ్రప్రదేశ్ ఓటర్ల వివరాలు దొరికాయని పోలీసులు చెప్పింది హైదరాబాద్‌లోని మాదాపూర్‌లో. ఆ కుప్పలో తెలంగాణ వాళ్ల వివరాలూ ఉన్నాయని ఫిర్యాదు చేసింది ఆధార్ సంస్థ. భూమికి సరిహద్దు గీసుకున్నాం, నీళ్లకు వాటాలు అడుగుతున్నాం. మన పేరుకూ, మన ఇంటికీ, మన ఓటుకూ సంబంధించిన లెక్కకు మాత్రం ఏ సరిహద్దూ లేదు. అందుకే ఈ ముచ్చట ఇక్కడ మాట్లాడుకోవాలి.

మేము జాబితాలకు వ్యతిరేకం కాదు. ఆ మాట ముందే చెప్పాలి. జాబితా లేకపోతే పేదోడికి అన్యాయం జరుగుతుందని దివిసీమకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 1977 నవంబర్ 19న ఉప్పెన ఆ దీవుల మీద విరుచుకుపడినప్పుడు పోయినవాళ్లు పదివేల చుట్టూ అని సర్కారు లెక్క. కాదు, అంతకన్నా వేలు ఎక్కువని జనం లెక్క. ఆ తేడా నేటికీ తేలలేదు. లెక్కలోకి ఎక్కని మనిషి చనిపోయినా చనిపోయినట్టు కాదన్నమాట! ఇప్పుడు తుపాను హెచ్చరిక ఫోన్‌కు వస్తుందంటే, ఏ ఊళ్లో ఎవరున్నారో రాసి ఉండబట్టే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలు గిలకలదిండిలోనూ, నాగాయలంకలోనూ పడవలు ఒడ్డెక్కుతాయి. అప్పుడిచ్చే భృతి 2025లో పదివేల నుంచి ఇరవై వేలయింది. జాబితాలో పేరుంటేనే ఆ డబ్బు. పేరు లేని మత్స్యకారుడు ఎండు చేప అమ్ముకుని బతకాల్సిందే.

జాబితా బయట ఉండిపోయినోళ్ల గోస ఇంకోటుంది. డెల్టాలో పొలం దున్నేది చాలా చోట్ల కౌలు రైతు. పాసుపుస్తకం భూమి యజమాని పేరు మీద ఉంటుంది. ఆ యజమాని హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటాడు. 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు కార్డు రావాలంటే యజమాని సంతకం పెట్టాలి. పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలు ఇవ్వడేమోనని రైతు భయం. నష్టపరిహారం దగ్గర ఇతని పేరు కనపడదు. పంట మునిగింది ఇతనిది, పరిహారం పడేది ఇంకొకరి ఖాతాలో. కానీ చిత్రం చూడండి! అదే కౌలు రైతు పేరు, కులం, ఫోన్ నంబరు, ఏ పార్టీ జెండా పట్టాడన్న సంగతి పార్టీల ట్యాబుల్లో తు.చ. తప్పకుండా ఉంటుంది. హక్కు ఇచ్చే జాబితాలో లేని మనిషి ఓటు లాగే జాబితాలో మాత్రం భద్రంగా ఉన్నాడు. ఇదీ మన ప్రజాస్వామ్యం తెలివి.

లెక్క ఎవరి చేతిలో ఉంటే ఊరు వాడి చేతిలో ఉంటుందన్నది పాత సత్యమే. ఒకప్పుడు కరణం దస్తరం ఉండేది. ఎవరి పొలం ఎంత, హద్దులేవి, ఎవరు శిస్తు బాకీ అన్నది ఆ గుడ్డమూటలో ఉండేది. కరణం కలం తిప్పితే పొలం చేతులు మారేది. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు. ఊరంతా వాళ్లకు దండం పెట్టాల్సిందే. 1983లో గుడివాడలో గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్ 1984లో ఈ కరణం, మునసబు పదవులను రద్దు చేశారు. గుడివాడకూ బందరుకూ మధ్యనున్న నిమ్మకూరు ఆయన సొంతూరు. ఆ పని మీద ఎన్ని విమర్శలున్నా వంశపారంపర్య పెత్తనం మీద అది దెబ్బే. కానీ దస్తరం పోయిందా? పోలేదు. కరణం ఇంటి నుంచి లేచి పార్టీ ఆఫీసులో కూర్చుంది. కరణానికి మన పొలం హద్దులే తెలుసు. ఈ కొత్త కరణానికి మన మనసు హద్దులు కూడా తెలుసు.

ఈ కొత్త దస్తరం ఎట్లా తయారవుతుందో విడమరిచి చెప్పుకోవాలి. ఎన్నికల సంఘం తయారు చేసే ఓటర్ల జాబితా బహిరంగమే. గుర్తింపు పొందిన పార్టీలకు దాన్ని ఉచితంగా ఇస్తారు. ఇవ్వాలి కూడా. దొంగ ఓట్లు పట్టుకోవాలంటే జాబితా అందరికీ కనపడాలి. దాంట్లో పేరు, వయసు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు ఉంటాయి. కులం ఉండదు, ఫోన్ నంబరు ఉండదు, ఏ పథకం అందుతుందో ఉండదు. అక్కడిదాకా ఇబ్బంది లేదు. తర్వాతే కుట్టుపని మొదలవుతుంది. ఇంటిపేరునూ వీధినీ బట్టి కులం రాస్తారు. ఎమ్మెల్యే వాకిట్లో ఇచ్చిన ఫోన్ నంబరు చేరుస్తారు. సర్కారు సర్వేలో చెప్పిన వివరాలు, పింఛను, రేషను, ఇంటిస్థలం సంగతి కలిపారంటే బొమ్మ పూర్తయినట్టే. ఒక్కొక్క ముక్క విడిగా చూస్తే ఏమీ లేదు. నాలుగు ముక్కలూ కలిపి కుడితే ఉరితాడవుతుంది. ఎవరికి పథకం ఇస్తే ఓటు పడుతుంది, ఎవరిది ఆపితే భయపడతాడు, ఎవరి పేరు జాబితాలో లేకపోతే తమకు లాభం అన్నవన్నీ ఆ బొమ్మ చెబుతుంది.

దీనికి తోడు పోలింగ్ బూత్ లెక్క. ఓటు రహస్యమంటారు. మనిషి ఓటు రహస్యమే కావచ్చు, ఊరి ఓటు మాత్రం రహస్యం కాదు. ఫలితాల తర్వాత ఫారం-20లో ఏ బూత్‌లో ఏ పార్టీకి ఎన్ని ఓట్లు పడ్డాయో అచ్చుగుద్ది ఇస్తారు. బూత్‌కు వెయ్యీ పన్నెండొందల ఓట్లు. ఒక చిన్న ఊరు, లేదా రెండు వాడలు. ఏ వాడ తనకు వ్యతిరేకంగా వేసిందో గెలిచిన నాయకుడికి తెల్లారేసరికి తెలిసిపోతుంది. ఆ వాడకు రోడ్డు ఎందుకు రాలేదో, ఆ వాడ కాలువలో పూడిక ఎందుకు తీయలేదో వేరే చెప్పాలా? కాగితం బ్యాలెట్ల రోజుల్లో అవసరమైన చోట ఓట్లు కలగలిపి లెక్కించే పద్ధతి ఉండేది. యంత్రాలకు కూడా అలా కలిపి లెక్కించే టోటలైజర్ పెట్టాలని ఎన్నికల సంఘం 2008లో కోరింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సరేనంది. కేంద్రం ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకుంటారు? ఏ ఊరు ఎవరి వైపుందో తెలియకపోతే ఊరిని బెదిరించడం ఎట్లా, ఊరిని కొనడం ఎట్లా?

ఇక 2019 ముచ్చటకు వద్దాం. ఆ మార్చి మొదటి వారంలో తెలుగుదేశం పార్టీ వాడుతున్న సేవామిత్ర యాప్ మీద సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. ఆ యాప్‌ను తయారు చేసిన ఐటీ గ్రిడ్స్ అనే కంపెనీ ఆఫీసులో సోదాలు చేశారు. ఓటర్ల ఫొటోల జాబితా, సర్కారు పథకాల లబ్ధిదారుల వివరాలు ప్రైవేటు కంపెనీ చేతికి చేరాయన్నది ఆరోపణ. ఏప్రిల్‌లో ఆధార్ సంస్థ కూడా ఫిర్యాదు చేసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెందిన 7.82 కోట్ల మంది ఆధార్ వివరాలు ఆ కంపెనీ దగ్గర ఉన్నట్టు అందులో పేర్కొన్నారు. తమ సర్వర్ల నుంచి మాత్రం ఏమీ పోలేదని అదే సంస్థ తర్వాత వివరణ ఇచ్చుకుంది. 2011 జనాభా లెక్కల్లో రెండు ప్రాంతాల జనమంతా కలిపి 8.46 కోట్లు. పసిపిల్లల దగ్గర నుంచి పండుముసలి దాకా దాదాపు అందరి లెక్కా ఒక్క చోట ఉందన్నమాట! తెలుగుదేశం ఈ ఆరోపణలు ఒప్పుకోలేదు. అది తమ కార్యకర్తలు కూడబెట్టుకున్న సమాచారమని, అసలు దొంగతనం జరిగింది తమ దగ్గరేనని వాదించింది.

అప్పుడు రెండు సర్కార్లూ పోటీపడి సిట్‌లు వేశాయి. హైదరాబాద్‌లో ఒక సిట్, అమరావతిలో ఇంకో రెండు. ఇటు వాళ్లు 'మీరు దొంగలు' అన్నారు. అటు వాళ్లు 'మీరే దొంగలు' అన్నారు. అమెజాన్‌కూ గూగుల్‌కూ లేఖలు పోయాయి. అధికారం మారాక, 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ సభాసంఘం వేసింది. సెప్టెంబరులో మధ్యంతర నివేదిక వచ్చింది, మళ్లీ అరుపులు, మళ్లీ ఖండనలు. ఇన్నేళ్ల ఈ కొట్లాటలో ఒక్క ప్రశ్న ఎవరూ వేయలేదు. పోయిన సొత్తు ఎవరిది? ఏ పార్టీదీ కాదు, ఏ సర్కారుదీ కాదు. నాగాయలంక మత్స్యకారుడిది, గుడివాడ రిక్షా కార్మికుడిది, నల్లగొండ కూలీది. 'అమ్మా, నీ వివరాలు ఫలానా చోట దొరికాయి, ఇదిగో చూసుకో' అని ఆ ఏడు కోట్ల మందిలో ఒక్క ఇంటి తలుపైనా ఏ సర్కారైనా తట్టిందా? దొంగా దొంగా ఊళ్లు పంచుకుంటుంటే, ఊరి జనాన్ని సాక్షిగానైనా పిలవలేదు.

అదే ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఫారం-7 గొడవ కూడా జరిగింది. ఓటర్ల జాబితా నుంచి పేరు తీసేయమని పెట్టే దరఖాస్తు అది. లక్షల సంఖ్యలో వచ్చి పడ్డాయి. తమ పేరుతో ఎవరో దరఖాస్తు పెట్టారని, తమకు తెలియనే తెలియదని ఎంతోమంది బయటికొచ్చి చెప్పారు. పోలీసు కేసులయ్యాయి. పార్టీలు ఒకరి మీద ఒకరు దుమ్మెత్తిపోసుకున్నాయి. ఎవరు చేశారన్నది పక్కన పెట్టండి. ఏ ఇంట్లో ఎవరు తమకు ఓటెయ్యరో తెలియకుండా ఏ ఓటు తీయించాలో ఎట్లా తెలుస్తుంది? లెక్క రాసుకోవడం దగ్గర మొదలైంది ఓటు గల్లంతు దగ్గర ఆగుతుందని ఆ రోజుల్లోనే అర్థం కావాల్సింది.

2019 ఆగస్టు 15 నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ సర్కారు వలంటీర్లను దింపింది. యాభై ఇళ్లకు ఒకరు, నెలకు ఐదువేలు, రాష్ట్రమంతా రెండున్నర లక్షలకు పైగా యువతీయువకులు. ఒకటో తారీకు పొద్దున్నే పింఛను ఇంటికొచ్చింది. మంచం మీదున్న ముసలివాళ్లకు అది మేలే. దాన్ని కాదనేవాళ్లం కాదు. కానీ ఆ యాభై ఇళ్లలో ఎవరు ఏం తింటున్నారు, ఎవరు ఎక్కడికి పోయారు అన్నది వలంటీరుకు తెలుసు. 2023లో అదే యాభై ఇళ్లకు పార్టీ తరఫున గృహసారథులను పెట్టారు. సర్కారు మనిషీ, పార్టీ మనిషీ ఒకే వీధిలో, ఒకే గడపలో! మధ్యన గీత ఎక్కడుంది? అప్పుడు ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు 'మా వివరాలు ఎవరికి పోతున్నాయి' అని గట్టిగానే అడిగారు. చివరికి 2024 మార్చి 30న ఎన్నికల సంఘం వలంటీర్లను పంపిణీ పనుల నుంచి తప్పించి, వాళ్ల ఫోన్లూ ట్యాబులూ అప్పగించమంది. దాంతో ఆ ఏప్రిల్ ఎండల్లో ముసలీముతకా సచివాలయాల చుట్టూ తిరగాల్సి వచ్చింది. తప్పు చేసింది పాలకులు, కాళ్లు బొబ్బలెక్కింది అవ్వలకు. సర్కారు పనిని పార్టీ పనితో కలిపితే, రెంటినీ విడదీసేటప్పుడు కూడా నలిగేది పేదోడే.

మే 13న పోలింగ్ అయింది. సర్కారు మారింది. వలంటీర్ల వ్యవస్థ మూలనపడింది. జూలై 1 నుంచి సచివాలయ ఉద్యోగులే ఇంటికి పోయి పింఛను ఇచ్చారు. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టారు. సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పితే సంతోషమే. కానీ పాత ప్రశ్న అట్లాగే ఉంది. నిన్న వలంటీరును 'మా వివరాలు ఎక్కడికి పోతున్నాయి' అని అడిగినవాళ్లే నేడు గద్దె మీదున్నారు. ఇప్పుడు ఆ ప్రశ్న వాళ్లను అడగాలి. ఏ నంబరు నుంచి ఎవరు ఏ సేవ అడిగారో ఆ చిట్టా ఎవరి దగ్గరుంటుంది, ఎన్నాళ్లుంటుంది, పార్టీ గడప దాటి లోపలికి పోదన్న పూచీ ఏది? సేవ చేస్తున్నారు కాబట్టి అడగకూడదంటే కుదరదు. కరణం కూడా ఊరికి సేవే చేస్తున్నానన్నాడు.

అవతలి వాకిలి చూపిస్తూ మన పెరడు దాచుకుంటే అది ఉద్యమ పత్రిక అనిపించుకోదు. మన రాష్ట్రం వచ్చిన రెండున్నర నెలలకే, 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. బొంబాయి నుంచి, దుబాయి నుంచి కూడా జనం సొంతూళ్లకు వచ్చి పేర్లు రాయించుకున్నారు. మన రాష్ట్రం మనల్ని లెక్కపెడుతోందని మురిసిపోయాం. మేమూ మురిశాం. ఆ లెక్కతో ఎవరికి ఏం దక్కిందో మాత్రం ఏ గ్రామసభలోనూ చదవలేదు. సమగ్ర వేదిక పేరుతో సర్కారు శాఖల వివరాలన్నీ ఒక్కచోట కలిపారు. కంప్యూటరు చెప్పిందని రేషన్ కార్డులు కొట్టేశారు. ఇంటికి పోయి చూసింది లేదు, నోటీసు ఇచ్చింది లేదు. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2018 డిసెంబర్ 7న ఓటేయడానికి పోయిన వేలాదిమందికి జాబితాలో పేరు లేదు. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఓటు తిరిగి వస్తుందా? 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడింది. ప్రతిపక్ష నాయకుల, జర్నలిస్టుల ఫోన్లు విన్నారన్నది ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేల్చాలి. కానీ ఉద్యమంలో పోలీసుల జాబితాల్లో పేరెక్కి, కేసులు మోసి, పాస్‌పోర్టుకూ ఉద్యోగానికీ అడ్డంకులు పడ్డ విద్యార్థులకు ఆ ఆరోపణ వింటేనే గుండె కలుక్కుమంటుంది. జాబితాల కింద నలిగి రాష్ట్రం తెచ్చుకున్నది, జాబితా రాసే చేతులు మార్చుకోవడానికి కాదు.

ప్రపంచంలో ఇది కొత్త రోగమేమీ కాదు. 2018 మార్చిలో కేంబ్రిడ్జ్ అనలిటికా బాగోతం బయటపడింది. ఆ వ్యవహారంలో 8.7 కోట్ల మంది వివరాలు పోయి ఉండవచ్చని, అందులో మన దేశం వాళ్లు 5.62 లక్షల మంది ఉండవచ్చని ఫేస్‌బుక్ చెప్పింది. మనిషి మనసు ఎటు మొగ్గుతుందో కనిపెట్టి, ఆ మనిషికి తగ్గట్టు మాట తయారు చేసి పంపడం వాళ్ల వ్యాపారం. ఆ విద్య మన ఊళ్లకూ వచ్చేసింది. గిలకలదిండిలో ఒక ఫోన్‌కు బందరు పోర్టులో ఉద్యోగాలంటారు. చల్లపల్లిలో ఇంకో ఫోన్‌కు మీ కులానికి కార్పొరేషన్ అంటారు. గుడివాడలో మరో ఫోన్‌కు పక్క కులం వాళ్లు మీ వాటా తింటున్నారంటారు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి వినపడదు. బహిరంగసభలో నాయకుడు అబద్ధం చెబితే పదిమందిలో ఒకడు లేచి నిలదీస్తాడు. చెవిలో చెప్పిన అబద్ధాన్ని ఎవడు నిలదీస్తాడు? సభ పెట్టి జనంతో మాట్లాడే రాజకీయం పోయి, ఒక్కో ఇంటికి ఒక్కో మాట కుట్టి పంపే రాజకీయం వచ్చింది. కలిసి వింటేనే కదా కలిసి కొట్లాడేది. విడివిడిగా విన్న జనం విడివిడిగానే మిగులుతారు.

మరి చట్టమేం చేస్తోంది? సొంత బతుకు గోప్యంగా ఉంచుకోవడం ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. ఆరేళ్ల తర్వాత, 2023 ఆగస్టులో కేంద్రం వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెచ్చింది. నియమాలు రావడానికి 2025 నవంబర్ దాకా పట్టింది. అసలు బాధ్యతలు అమలు కావడానికి ఇంకో పద్దెనిమిది నెలల గడువిచ్చారు. సర్కారు తను కోరుకున్న తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకోవచ్చని అందులోనే రాసుకున్నారు. తప్పు చేసినోడికి 250 కోట్ల దాకా జరిమానా ఉంది. ఆ డబ్బు పోయేది సర్కారు ఖజానాకే, నష్టపోయిన మనిషికి పైసా రాదు. అన్నిటికన్నా దారుణం ఇంకోటి. ఇదే చట్టంతో 2005 నాటి సమాచార హక్కు చట్టంలో ఒక సెక్షన్ మార్చేశారు. వ్యక్తిగత సమాచారమన్న పేరు చెబితే చాలు, అధికారి జవాబు ఎగ్గొట్టే వీలు పెరిగింది. ఆ మార్పుకు మాత్రం పద్దెనిమిది నెలలు ఆగలేదు, వెంటనే అమల్లోకి తెచ్చారు. అంటే వాళ్లు మన ఇంట్లోకి చూడొచ్చు, మనం వాళ్ల ఆఫీసులోకి చూడకూడదు. కంచే చేను మేస్తుంటే కంచెకు కాపలా పెట్టారు, చేనును వదిలేశారు.

దారి లేదా అంటే ఉంది. దాన్ని చూపించింది కూడా మన జనమే. ఉపాధి హామీ పథకం వచ్చిన కొత్తలో, 2006 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీ మొదలైంది. మస్టర్ రోల్ తెచ్చి గ్రామసభలో గట్టిగా చదివారు. 'నేను పనికే పోలేదు, నా పేరు ఎట్లా వచ్చింది' అని ఒక కూలీ లేచాడు. 'నేను పనిచేశాను, నా కూలీ ఏది' అని ఇంకో కూలీ లేచింది. తిన్న డబ్బు కక్కించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అప్పుడూ ఉన్నది జాబితానే. కానీ అది జనం చేతిలో ఉంది. బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో 65 లక్షల పేర్లు ముసాయిదాలో లేకుండా పోతే, 2025 ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఏమంది? ఎవరి పేరు పోయిందో, ఎందుకు పోయిందో కారణంతో సహా బయటపెట్టమంది. ఇదే సూత్రం అన్ని జాబితాలకూ వర్తించాలి. పేరు ఎక్కిస్తే చెప్పాలి, తీస్తే కారణం చెప్పాలి.

అందుకే మేము అడుగుతున్నాం. సర్కారు దగ్గరున్న లబ్ధిదారుల జాబితాకూ పార్టీ దగ్గరున్న ఓటర్ల జాబితాకూ మధ్య గోడ కట్టాలి. ఆ గోడ దూకిన వాడు మంత్రి అయినా, కంపెనీ అయినా జైలుకు పోవాలి. తన ఇంటి గురించి సర్కారు ఏం రాసుకుందో ప్రతి కుటుంబానికీ సచివాలయంలో, తహసీల్దారు ఆఫీసులో తెలుగులో కాగితం మీద ఇవ్వాలి. తప్పుంటే దిద్దించుకునే హక్కుండాలి. ఏ పార్టీ అయినా, ఏ నాయకుడైనా వాకిట్లో రాసుకున్న నంబరును అర్జీ పనికి తప్ప దేనికీ వాడకూడదు. తీసేయమంటే తీసేయాలి. బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్ తేవాలి. సమాచార హక్కును మునుపటిలా నిలబెట్టాలి.

ఈ పని చట్టసభల్లోనే అయిపోదు. ఉద్యోగ మిత్రులారా, ఇంటింటికీ తిరిగి వివరాలు రాసేది మీరు. బీఎల్ఓలుగా పోతున్న టీచర్లు, అంగన్‌వాడీ అక్కలు, సచివాలయ సిబ్బంది మీరు. 'ఆ జాబితా కాపీ ఒకటి మా వాడికివ్వు' అని నాయకుడి మనిషి ఫోన్ చేసినప్పుడు కాదనగలిగే బలం మీ సంఘాలకుండాలి. ఒక్క ఉద్యోగి కాదంటే బదిలీ చేస్తారు. సంఘమంతా కాదంటే ఏం చేస్తారు? విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ యాప్‌లు తయారు చేసేది ఇంజినీరింగ్ చదివిన మన పిల్లలే. నెలకో జీతం వస్తుందని కళ్లు మూసుకుని కుట్టుకుంటూ పోతే, రేపు ఆ బొమ్మలో మీ అమ్మ పేరు పక్కన కూడా ఒక గుర్తు ఉంటుంది. మావాడా, కాదా, ఊగిసలాడేవాడా అని.

ప్రజాప్రతినిధి ఇంటికి పోవడం బిచ్చం కాదు, హక్కు. పోయినందుకు మన పేరు తాకట్టు పెట్టాల్సిన అవసరం లేదు. రేపు బందరులో అర్జీ పట్టుకుని పోయిన ముసలమ్మనైనా, భువనగిరిలో పోయిన రైతునైనా వాకిట్లో కుర్రాడు 'ఫోన్ నంబరు చెప్పు' అంటే, ఒక్క మాట తిరిగి అడగాలి. 'రాసుకో బిడ్డా, ఎందుకు రాసుకుంటున్నావో ముందు చెప్పు. రాసుకున్నది నాకూ చూపించు.' ఆ ఒక్క మాట పదిమంది అడిగితే దస్తరం మూట విప్పక తప్పదు. మన పాలన మనకు కావాలని కొట్లాడినోళ్లం. మన లెక్క మనకు చూపించమని అడగలేమా?